నాలుగుసార్లు మొదలైన లీగు

2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో హాకీ ఇండియా లీగ్ ఫైనల్ జరిగింది. మన స్కూలు నుంచి కూడా చాలామంది వెళ్ళారు కదా, మీకు గుర్తుండే ఉంటుంది. ప్రవేశం ఉచితం కాబట్టి మా లైన్లో క్వార్టర్లన్నీ తాళాలేసుకుని బిర్సా ముండా స్టేడియానికి బయల్దేరాయి. ఒకవైపు హైదరాబాద్ తూఫాన్స్, ఇంకోవైపు బెంగాల్ టైగర్స్. మా తాత ప్లాంటులో పనిచేసి రిటైరైన మనిషి. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మోకాళ్ళ నొప్పులని మార్కెట్‌కి కూడా వెళ్ళడు. అలాంటిది ఆ రోజు మాత్రం అందరికంటే ముందు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"సుల్తాన్సు పోయి తూఫాన్సు వచ్చినారు. చూడకపోతే ఎలాగే అమ్మలూ?" అన్నాడు.

సుల్తాన్స్ ఎవరో నాకు తెలీదు. ఈ వ్యాసం అక్కణ్ణుంచే మొదలైంది.

మ్యాచ్ సంగతి ముందు చెప్పేస్తాను. 9వ నిమిషంలోనే హైదరాబాద్‌కి గోల్ వచ్చింది. కొట్టినవాడు గొంజాలో పెయా. అర్జెంటీనాలో పుట్టి ఆ దేశానికి ఒలింపిక్ స్వర్ణం తెచ్చి, తర్వాత జర్మనీకి ఆడి 2023లో మన ఒడిశాలోనే ప్రపంచ కప్ గెలిచినవాడు. బెంగాల్ తరఫున జుగ్‌రాజ్ సింగ్ ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు. మధ్యలో హైదరాబాద్‌కి అమన్‌దీప్ లక్డా ఒకటి కొట్టాడు. అతను ఒడిశా కుర్రాడు. కాబట్టి ఆ గోల్‌కి మేము అరిచాం, మా ముందు వరసలో ఉన్న ఒడియా వాళ్ళూ అరిచారు, వెనక ఆదివాసీ పిల్లలు ఇంకా గట్టిగా అరిచారు. 3-3 అయ్యాక, ఆట ఇంకా ఆరు నిమిషాలుందనగా న్యూజిలాండ్ ఆటగాడు శామ్ లేన్ బెంగాల్‌ని గెలిపించేశాడు. 4-3. తాత దారిపొడుగునా మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక ట్రంకుపెట్టెలోంచి ఒక పాత పేపర్ కటింగ్ తీశాడు. 2005లో పెదనాన్న ఇంటికి హైదరాబాద్ వెళ్ళినప్పుడు గచ్చిబౌలిలో ఒక మ్యాచ్ చూశాడట. అప్పుడు దాచుకున్నది. దాని పేరు ప్రీమియర్ హాకీ లీగ్. మొదటి ఏడాది కప్పు హైదరాబాద్ సుల్తాన్స్‌దే. "అప్పుడది మన రాష్ట్ర రాజధాని కదే. మన జట్టు కాకపోతే మరెవరిది?" అన్నాడు.

ఇక్కడ ఒక సంగతి. క్రికెట్‌లో ఐపీఎల్ మొదలైంది 2008లో. హాకీలో నగరాల పేర్లతో లీగు అంతకు మూడేళ్ళ ముందే మొదలైంది. నేను క్లాసులో ఈ మాట చెబితే ఎవరూ నమ్మలేదు. ఇండియన్ హాకీ ఫెడరేషన్, ఈఎస్పీఎన్ స్టార్ స్పోర్ట్స్ టీవీ వాళ్ళు కలిసి పెట్టారు. మొదటి సీజన్ హైదరాబాద్‌లోనే జరిగింది. జట్లు రెండు అంచెలుగా ఉండేవి. కింది అంచెలో గెలిచినవాళ్ళు పైకి, పైన ఓడినవాళ్ళు కిందికి. అప్పట్లో హాకీ అంటే 35 నిమిషాల చొప్పున రెండు సగాలు. వీళ్ళు ఆ 70 నిమిషాలనే నాలుగు ముక్కలు చేశారు. టీవీలో ప్రకటనలు వేసుకోవడానికి వీలు కావాలి కదా! చాలామంది పెద్దవాళ్ళు అప్పుడు ముఖం చిట్లించారని తాత చెప్పాడు. తీరా 2014 నుంచి అంతర్జాతీయ హాకీ కూడా నాలుగు క్వార్టర్లే అయింది, క్వార్టరుకి 15 నిమిషాలు. మనల్ని చూసే మార్చారని నేననను. కానీ మనవాళ్ళు ముందు చేశారన్నది మాత్రం నిజం.

2006లో బెంగళూరు హై-ఫ్లయర్స్ గెలిచారు. 2007లో ఒరిస్సా స్టీలర్స్. 2008లో మళ్ళీ బెంగళూరు. తర్వాత లేదు.

ఎందుకు లేదంటే 2008 హాకీకి చాలా చెడ్డ సంవత్సరం. ఎనిమిది ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన దేశం, 80 ఏళ్ళలో మొదటిసారి ఒలింపిక్స్‌కి అర్హత సాధించలేకపోయింది. అదే ఏప్రిల్‌లో ఆటగాణ్ణి జట్టులోకి తీసుకోవడానికి డబ్బు మాట్లాడుకున్న సంగతి ఒక టీవీ ఛానెల్ రహస్య కెమెరాలో బయటపడింది. భారత ఒలింపిక్ సంఘం ఫెడరేషన్‌ని సస్పెండ్ చేసింది. 2009లో హాకీ ఇండియా అనే కొత్త సంస్థ వచ్చింది. పాత ఫెడరేషన్ మాత్రం మేమూ ఉన్నాం అంటూనే ఉంది. ఒక ఆటకి ఇద్దరు యజమానులు.

రెండోసారి లీగు ఈ గొడవలోంచే పుట్టింది. 2012లో పాత ఫెడరేషన్, నింబస్ అనే కంపెనీ కలిసి వరల్డ్ సిరీస్ హాకీ పెట్టాయి. ఎనిమిది జట్లు. అంతర్జాతీయ హాకీ సమాఖ్య దీన్ని ఒప్పుకోలేదు. ఫైనల్లో షేర్-ఎ-పంజాబ్ జట్టు పుణె స్ట్రైకర్స్‌ని 5-2తో ఓడించింది. ఒక్క సీజనే. రెండోది రాలేదు.

మరుసటి ఏడాదే, అంటే 2013 జనవరిలో, హాకీ ఇండియా తన సొంత లీగు మొదలుపెట్టింది. ఇది మూడోసారి. వేలంపాట పెట్టారు. సర్దార్ సింగ్‌ని ఢిల్లీ వేవ్‌రైడర్స్ 78 వేల డాలర్లకి కొనుక్కుంది. అప్పటి లెక్కన 42 లక్షల రూపాయల పైనే. హాకీ ఆటగాడికి అంత డబ్బు! జర్మనీ ఆటగాడు మోరిట్జ్ ఫూర్స్టె రాంచీ జట్టుకి వచ్చాడు. పాకిస్తాన్ నుంచి తొమ్మిదిమంది వచ్చారు గానీ, సరిహద్దులో ఉద్రిక్తత వల్ల ఆడకుండానే తిరిగి వెళ్ళిపోయారు. ఆ ఏడు రాంచీ రైనోస్ గెలిచింది. రెండేళ్ళకి ఆ పేరే లేదు, రాంచీ రేస్ అని కొత్త జట్టు. ముంబై మెజీషియన్స్ పోయి దబాంగ్ ముంబై వచ్చింది. చరిత్ర పుస్తకంలో రాజవంశాలు గుర్తుపెట్టుకోవడమే నయం అనిపించింది నాకు.

మన కళింగ లాన్సర్స్ 2014లో చేరింది. మహానది కోల్‌ఫీల్డ్స్, ఒడిశా ప్రభుత్వ సంస్థ ఇడ్కో కలిసి నడిపిన జట్టు. 2016 ఫైనల్లో పంజాబ్ చేతిలో 6-1తో ఓడిపోయింది. స్కోరు చూసి మరీ అంత ఘోరమా అనుకోకండి. ఆ ఏడాది నుంచి ఫీల్డ్ గోల్ కొడితే రెండు గోల్స్‌గా లెక్కేసే రూలు పెట్టారు. 2017లో మనవాళ్ళు దబాంగ్ ముంబైని 4-1తో ఓడించి కప్పు తెచ్చారు. అప్పుడు నేను చాలా చిన్నదాన్ని. తెచ్చిన కప్పుని నిలబెట్టుకోవడానికి మళ్ళీ ఆడాలి కదా, ఆ మళ్ళీ అన్నది రాలేదు. 2018లో లీగు లేదు. 2019లో లేదు. 2024 డిసెంబరు దాకా లేదు.

ఆ ఐదేళ్ళు వృథా అని మాత్రం చెప్పలేను. హర్మన్‌ప్రీత్ సింగ్ ఇరవై ఏళ్ళు నిండకముందే దబాంగ్ ముంబై జట్టులో పెద్దపెద్ద విదేశీ ఆటగాళ్ళ పక్కన ఆడాడు. టోక్యోలో 41 ఏళ్ళ తర్వాత పతకం తెచ్చిన జట్టులో ఉన్నాడు. పారిస్‌లో మళ్ళీ కాంస్యం తెచ్చినప్పుడు కెప్టెన్ అతనే. నాలుగోసారి లీగు వేలంలో 78 లక్షలు పలికిందీ అతనికే.

మరి అంత మేలు చేసినది ఎందుకు ఆగిపోతూ ఉంటుంది? ఇది నాకు ఉత్త వ్యాసం ప్రశ్న కాదు. నేను మా సెక్టారు గ్రౌండులో హాకీ ఆడతాను, లెఫ్ట్ హాఫ్. పదో తరగతి వచ్చింది కాబట్టి స్టిక్ అటక మీద పెట్టెయ్యమని నాన్న అంటున్నారు. "ఏ ఏడు ఉంటుందో ఏ ఏడు ఉండదో తెలీని ఆటని పట్టుకుని ఏం చేస్తావు?" అని ఆయన మాట. జవాబు చెబుదామనే ఇవన్నీ చదివాను. చదివేకొద్దీ నాన్న మాటే నిజమయ్యేలా ఉందని భయం కూడా వేసింది.

నెదర్లాండ్స్‌లో 1973 నుంచి హోఫ్ద్‌క్లాసె అనే లీగు ఏటా నడుస్తోంది. అక్కడ జట్టు అంటే క్లబ్బు. 2013లో యూపీ విజార్డ్స్‌కి ఆడడానికి వచ్చిన టేన్ డి నోయర్ అక్కడ బ్లూమెండాల్ అనే క్లబ్బు ఆటగాడు. అలాంటి క్లబ్బులో చిన్నపిల్లల జట్లుంటాయి, అమ్మానాన్నలూ సభ్యులే, చందా కడతారు. ఒక స్పాన్సరు వెళ్ళిపోతే ఇబ్బంది పడతారు గానీ క్లబ్బు మాయమైపోదు. మన లీగుల్లో జట్టంటే ఒక కంపెనీ కొన్న పేరు. దానికి గ్రౌండు లేదు, పిల్లల జట్టు లేదు. కంపెనీకి నష్టం వస్తే పేరు తీసేస్తుంది. కటింగ్ దాచుకున్న మా తాతని ఎవరూ అడగరు.

అలాగని మనకేమీ లేదా అంటే ఉంది. రైల్వేస్, సర్వీసెస్, ఇండియన్ ఆయిల్, పంజాబ్ పోలీస్ లాంటి డిపార్ట్‌మెంట్ల జట్లున్నాయి. బాగా ఆడితే ఉద్యోగం వస్తుంది. మన సుందర్‌గఢ్ జిల్లాలోనైతే ఊరూరా ఖస్సీ టోర్నమెంట్లున్నాయి. గెలిచిన జట్టుకి కప్పు బదులు మేకపోతుని ఇస్తారు. వరి కోతలయ్యాక పొలాల్లోనే గోల్ పోస్టులు పాతేస్తారు. ఈ జిల్లాలోని సౌనామారా ఊరి నుంచే దిలీప్ టిర్కీ వచ్చాడు. భారత జట్టు కెప్టెన్ అయ్యాడు. 2022లో హాకీ ఇండియా అధ్యక్షుడయ్యాడు. ఆయన హయాంలోనే లీగు మళ్ళీ మొదలైంది. అదే ఊరివాడైన అమిత్ రోహిదాస్ మొన్న లీగులో తమిళనాడు డ్రాగన్స్‌కి ఆడాడు.

ఈ నాలుగోసారి లీగులో నాకు నచ్చింది ఇంకొకటి ఉంది. ఇంతకుముందు మూడుసార్లూ మగవాళ్ళకే. 2025 జనవరిలో మొదటిసారి ఆడవాళ్ళకీ లీగు పెట్టారు, రాంచీలో, నాలుగు జట్లతో. మన ఒడిశా వారియర్స్ గెలిచింది. ఫైనల్లో సూర్మా జట్టు మీద 2-1. రెండు గోల్సూ రుతుజా పిసాల్ కొట్టింది. మగవాళ్ళ వేలంలో ఎక్కువ ధర 78 లక్షలైతే ఆడవాళ్ళలో ఎక్కువ ధర ఉదితకి, 32 లక్షలు. తేడా చూశారా? అయినా రిపబ్లిక్ డే నాటి ఆ ఫైనల్ టీవీలో చూస్తూ మా అమ్మ కూర మాడబెట్టింది. నాన్న కూడా ఏమీ అనలేదు, మాడిన కూరే తిన్నారు.

మా గ్రౌండులో సెంటర్ హాఫ్ ఆడే అమ్మాయి నా స్నేహితురాలు. ఈ జిల్లా పల్లెటూరి పిల్ల, ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. మేమిద్దరం హిందీలో మాట్లాడుకుంటాం, తిట్టుకునేటప్పుడు మాత్రం ఒడియాలో. వచ్చే ఏడాది లీగు ఉంటుందంటావా అని అడిగాను. లీగుని నమ్ముకుని ఎవరు ఆడతారని నవ్వింది. తనకి కావాల్సింది రైల్వేలో ఉద్యోగమట. లీగు వస్తే మంచిదే, రాకపోతే ఊళ్ళో ఖస్సీ ఉండనే ఉంది అంది. ఆ మాటే నాన్నకి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, రైల్వేలో హాకీ కోటా నిజంగానే ఉందా అని అడిగారు. ఉందన్నాను. స్టిక్ ఇప్పటికైతే అటక ఎక్కలేదు. అర్ధ సంవత్సర పరీక్షల మార్కులు చూసి చెబుతానన్నారు.

తూఫాన్స్ ఓడిన వార్త వచ్చిన పేపరుని కూడా తాత కత్తిరించి సుల్తాన్స్ కటింగ్ పక్కనే పెట్టాడు. ఓడిపోయింది ఎందుకు దాచడం అంటే, "ఆడినారు కదేటి" అన్నాడు.

నా స్నేహితురాలు సెలవులకి ఊరెళ్ళి వచ్చింది. వాళ్ళ అన్నయ్య జట్టు పక్క ఊళ్ళో ఖస్సీ గెలిచిందట. మేకపోతుని బస్సెక్కించడానికి కండక్టరు ఒప్పుకోలేదు. పదకొండుమందీ దాన్ని నడిపించుకుంటూ రాత్రికి ఇల్లు చేరారట.