మదనపల్లెలో దిగిన ఐర్లండు జంట

మా కలికిరి వైపు మదనపల్లె ప్రస్తావన వస్తే చాలు, ఎవరో ఒకరు "జనగణమనకి బాణీ కట్టింది అక్కడే తెలుసా?" అంటారు. అందులో సగం నిజం, మిగతా సగం సొంతూరి మీద ప్రేమ. ఆ నిజం వెనకాల ఒక ఐర్లండు జంట ఉంది. బాణీ గొడవలో పడి వాళ్ళు చేసిన అసలు పనిని మనం మర్చిపోయామని నా ఫిర్యాదు. అందుకే ఈ టపా.

ఇప్పుడు చాలామంది మొగుడూ పెళ్ళాలు వీపుకో సంచీ తగిలించుకుని దేశాలు తిరిగొస్తున్నారు. కొత్త ఊళ్ళో నాలుగు రోజులు హాయిగా గడిస్తే నాలుగు ఫోటోలు తీసుకుని పై ఊరికి పోతారు. జేమ్స్ కజిన్స్, మార్గరెట్ కజిన్స్ కూడా ఊరు కాని ఊరికే వచ్చారు. కానీ వాళ్ళ కథ ఫోటోలతో ఆగిపోలేదు.

ఆయన బెల్ఫాస్టులో పుట్టిన కవి. ఆవిడ డబ్లిన్‌లో సంగీతం చదువుకుని డిగ్రీ తెచ్చుకున్న మనిషి. 1903లో పెళ్ళయింది. 1908లో స్నేహితురాలు హానా షీహీ స్కెఫింగ్టన్‌తో కలిసి ఐరిష్ స్త్రీల ఓటుహక్కు సంఘాన్ని మొదలుపెట్టింది మార్గరెట్. ఆ పోరాటంలోనే 1910లో లండన్‌లో ఒకసారి, 1913లో ఐర్లండులో మరోసారి జైలుకెళ్ళింది. ఇద్దరూ దివ్యజ్ఞాన సమాజం వైపు మొగ్గినవాళ్ళు. 1915లో మద్రాసు చేరుకున్నారు. అనీబిసెంట్ నడిపే 'న్యూ ఇండియా' పత్రికలో జేమ్స్ ఉద్యోగం.

ఆ ఉద్యోగం ఎక్కువ రోజులు నిలవలేదు. 1916 ఈస్టర్ పండగప్పుడు డబ్లిన్‌లో బ్రిటిష్ వాళ్ళ మీద తిరుగుబాటు జరిగింది. తిరగబడ్డవాళ్ళని మెచ్చుకుంటూ ఈయన పత్రికలో రాసేశాడు. అది యుద్ధకాలం, పైగా పత్రిక మీద ప్రభుత్వం కన్ను ఉంది. బిసెంట్‌కి ఆయన్ని తీసేయక తప్పలేదు. అయితే ఉద్యోగం తీసేసిన చేత్తోనే ఇంకో ఉద్యోగం ఇచ్చింది. 1915లో మదనపల్లెలో మొదలైన థియొసాఫికల్ కాలేజీకి ఆయన్ని పంపించింది. అలా ఎక్కడో డబ్లిన్‌లో పేలిన తుపాకుల వల్ల ఒక ఐర్లండు జంట మన మదనపల్లెలో దిగింది!

అప్పట్లో పాకాల-ధర్మవరం లైను మీటర్ గేజి. పాకాల మీదుగా వచ్చే రైలు పీలేరు, కలికిరి, వాయల్పాడు దాటుకుని మదనపల్లె రోడ్ స్టేషనుకి చేరేది. స్టేషన్ పేరులో మదనపల్లె ఉంది గానీ ఊరు మాత్రం అక్కడికి చాలా దూరం (ఇప్పటికీ అంతే). కొత్తవాళ్ళకి మొదటి పరీక్ష అక్కడే.

ఊరు మాత్రం సుఖమైన ఊరు. రెండు వేల అడుగులకి పైన ఎత్తు, పొడి గాలి, దగ్గర్లో హార్స్లీ కొండలు. క్షయ రోగుల కోసం ఆరోగ్యవరం శానిటోరియం 1915లో ఇక్కడ తెరిచింది కూడా ఆ గాలిని చూసే. పైగా కజిన్స్ దంపతులు ఎప్పట్నుంచో శాకాహారులు. ఐర్లండులో అదొక వింత. ఇక్కడ దాని గురించి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన పనే లేదు.

కొత్తచోట సుఖంలో ఒక చిక్కుంది. ఆన్‌సైట్ వెళ్ళిన మా సాఫ్ట్‌వేర్ వాళ్ళని చూడండి. మన అపార్ట్‌మెంటు, మన స్టోరు, మన పప్పుచారు, మన వీకెండ్ బ్యాచ్ కుదిరాయంటే ఏళ్ళు గడిచినా పక్కింటివాడి పేరు తెలీదు. తెల్లవాళ్ళ రాజ్యంలో తెల్లదొరసానికి అలా బతకడం ఇంకా తేలిక. భాష రాకపోయినా అడిగేవాడు లేడు.

మార్గరెట్ అలా బతకలేదు. మదనపల్లె ఆడవాళ్ళతో కలిసి అబలాభివర్ధని సమాజం పెట్టింది. ఆ తర్వాత 1917 మే 8న అడయారులో అనీబిసెంట్, డొరోతీ జినరాజదాసలతో కలిసి భారత మహిళా సంఘం స్థాపించింది. అదే ఏడాది భారత వ్యవహారాల మంత్రి మాంటేగు మన దేశానికొచ్చాడు. ఆడపిల్లల చదువు గురించి మాట్లాడతామని ఈవిడ అడిగితే, రాజకీయ విషయాలకే సమయమిస్తామన్నారట. సరే అని స్త్రీలకి ఓటు కూడా ఇవ్వాలని రాసి పంపింది! 1917 డిసెంబర్ 18న సరోజినీ నాయుడు నాయకత్వంలో స్త్రీలు మద్రాసులో మాంటేగుని కలిసి ఓటు అడిగారు. 1921లో మద్రాసు శాసనమండలి మగవాళ్ళతో సమాన షరతుల మీద స్త్రీలకి ఓటు ఇచ్చింది. ఆస్తి ఉన్నవాళ్ళకే ఓటు కాబట్టి దక్కింది కొద్దిమందికే. కానీ తలుపు తెరుచుకుంది. 1927లో ముత్తులక్ష్మీ రెడ్డి అదే మండలిలో అడుగుపెట్టింది.

ఇక బాణీ సంగతి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె వచ్చి కాలేజీలో బస చేశాడు. ఒక సాయంత్రం విద్యార్థులూ అధ్యాపకులూ కూర్చున్నచోట జనగణమన పాడి వినిపించాడు. దాని ఇంగ్లీషు అనువాదం కూడా ఇక్కడే చేశాడు. ఆ కాగితం మీద తేదీ 28 ఫిబ్రవరి 1919. పాశ్చాత్య సంగీతం తెలిసిన మార్గరెట్ ఆ పాటకి స్వరాలు రాసి పెట్టింది. అయితే ఈ పాటని 1911 డిసెంబర్ 27నే కలకత్తా కాంగ్రెస్ సభలో పాడారు. ఏడేళ్ళుగా పాడుతున్న పాటకి మదనపల్లెలో కొత్తగా బాణీ "పుట్టడం" కుదరదు కదా! పాట, రాగం ఠాగూర్‌వి. దాన్ని కాగితం మీదకి ఎక్కించింది మార్గరెట్. ఇదీ తక్కువ గౌరవమేం కాదు. దీనికి అబద్ధం జోడించాల్సిన అవసరం లేదు.

నా బాధల్లా ఒకటే. పూర్తిగా ఆవిడది కాని బాణీకి ఆవిడని గుర్తుపెట్టుకుని, ఆవిడ నిజంగా పోరాడిన ఓటుని మర్చిపోయాం. ఆవిడ 1932లో ఇక్కడి స్వేచ్ఛ కోసం కూడా వెల్లూరు జైలుకి వెళ్ళింది. 1954లో అడయారులో కన్నుమూసింది. 1956లో జేమ్స్ మదనపల్లెలోనే పోయాడు. ఇద్దరూ కలిసి రాసుకున్న ఆత్మకథ 1950లో వచ్చింది.

ఇప్పుడు బయట మదనపల్లె అంటే టమోటా మార్కెట్టు. తప్పేం లేదు, ఊరికి అన్నం పెట్టేది అదే. కాకపోతే ఈసారి ఎవరైనా బాణీ కథ ఎత్తితే ఓటు కథ కూడా చెప్పండి. ముఖ్యంగా పోలింగు రోజు వరసలో నిలబడ్డ మన ఇంటి ఆడపిల్లలకి.