యుద్ధం అయిపోయాక ఎవరికేం మిగిలింది?

ఈ వారం గుడివాడ చుట్టుపక్కల ముగ్గురి కథ. జొన్నపాడులో పెరిగిన కొండపల్లి సీతారామయ్య. పామర్రు ఆడపడుచు కోటేశ్వరమ్మ. గుడివాడ పల్లెలో పెరిగిన కె.జి. సత్యమూర్తి, మన శివసాగర్. ముగ్గురివీ పక్కపక్క ఊళ్లే. సీతారామయ్యది భూమి ఉన్న కుటుంబం. 1931లో పుట్టిన సత్యమూర్తి వాళ్లిద్దరికంటే బాగా చిన్నవాడు, పైగా అంటరాని కులం. ఊరూ పల్లే కలిసి కూర్చోని ఆ రోజుల్లో వీళ్లను ఒక చోటికి చేర్చింది పెళ్లిపందిరో గుడో కాదు, యుద్ధం.

1942లో కమ్యూనిస్టు పార్టీ రెండో ప్రపంచ యుద్ధాన్ని 'ప్రజాయుద్ధం' అంది. సర్కారు పార్టీ మీద నిషేధం ఎత్తేసింది. డెల్టా కుర్రాళ్లు జెండా పట్టారు, పాట కట్టారు. దివిసీమలో చల్లపల్లి జమీందారు భూముల కోసం పోరు నడిచింది. నాలుగైదేళ్లు గడిచేసరికి తుపాకులు వాళ్లవైపే తిరిగాయి. 1949 జులైలో కాటూరు, ఎలమర్రు గ్రామాల్లో మలబార్ పోలీసులు మగవాళ్లను బట్టలూడదీసి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పారు. అప్పటికి సత్యమూర్తికి పద్దెనిమిదేళ్లు. కోటేశ్వరమ్మ పిల్లలను తల్లి దగ్గర వదిలి అజ్ఞాతంలో ఉంది.

1951 అక్టోబరులో పార్టీ సాయుధ పోరాటం విరమించింది. సరే, ఇంటికి వెళ్లండి అన్నారు. ఎవరి ఇంటికి?

సీతారామయ్య భార్యను వదిలేశాడు. కోటేశ్వరమ్మ నడివయసులో మళ్లీ బడికెళ్లి చదువుకుని, కాకినాడలో ఆడపిల్లల హాస్టల్ మేట్రన్‌గా బతుకు వెళ్లదీసింది. కొడుకు చందు నక్సలైటు ఉద్యమంలో పోయాడు. తన కథ తనే రాసుకోవడానికి ఆమెకు తొంభై ఏళ్లు దాటాలి. ఆ పుస్తకం 'నిర్జన వారధి'.

మగవాళ్లిద్దరూ వరంగల్‌లో సెయింట్ గాబ్రియెల్ స్కూల్లో పంతుళ్లయ్యారు. ఆయన హిందీ, ఈయన ఇంగ్లీషు. 1980 ఏప్రిల్‌లో ఇద్దరూ కలిసి పెట్టిన పార్టీకి జనం నోట నిలిచిన పేరు మళ్లీ అదే: పీపుల్స్ వార్.

ఆ పార్టీ లోపల ఏం జరిగిందో సత్యమూర్తి మేనకోడలు సుజాత గిడ్ల 2017లో వచ్చిన తన పుస్తకంలో రాశారు. మంగలి కులపు కామ్రేడ్‌కి గడ్డాలు గీసే పని, చాకలి కామ్రేడ్‌కి బట్టలు, అంటరాని కులాల కామ్రేడ్లకు నేల ఊడ్చి దొడ్లు కడిగే పని. సత్యమూర్తి దాన్ని అడిగాడు. పార్టీని చీలుస్తున్నాడని బయటికి పంపారు.

కొన్నేళ్లకు సీతారామయ్యనూ అదే పార్టీ గెంటేసింది. నిజమే. కానీ ఆయనది నాయకత్వం తగాదా. ఈయనది చీపురు ఎవరి చేతిలో ఉండాలనే ప్రశ్న. ఆ రెండూ ఒకటి కాదు.

యుద్ధం స్నేహితులను చేస్తుంది. ఒకే పళ్లెంలో తినిపిస్తుంది, ఒకే తూటాకు ఎదురు నిలబెడుతుంది. చావులో సమానత్వం ఇవ్వడం దానికి తేలిక. పొద్దున్నే చీపురు ఎవరు పట్టాలో, పిల్లలను ఎవరు సాకాలో, రాత్రి తీర్మానం ఎవరు రాయాలో మాత్రం కులమూ మగతనమూ ముందే రాసి పెట్టుకుంటాయి.

సత్యమూర్తి 2012 ఏప్రిల్ 17న వెళ్లిపోయాడు. ఆయన ప్రశ్న ఇంకా మన మధ్యే ఉంది. రేపు మీరు ఏ సంఘంలో చేరినా, జెండా రంగు చూసే ముందు ఆ ఆఫీసు ఎవరు ఊడుస్తున్నారో చూడండి.

జై భీమ్.