కాపురానికి రమ్మనే డిక్రీ

ఆడవాళ్లకి ఉద్యోగాలొచ్చాయి కాబట్టే విడాకులు పెరిగాయని ఎంత తేలిగ్గా అనేస్తారో! నాలుగు రాళ్లు సంపాదించగానే భార్యకి అణకువ పోయిందని ఆ మాటకి తాత్పర్యం. పాత తీర్పులు తిరగేస్తే మరో కథ కనిపిస్తుంది. వాటిలో భార్య విడాకులు అడగలేదు. ఉద్యోగం మాననంది, అంతే.

1955 నాటి హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, సరైన కారణం లేకుండా దూరంగా ఉంటున్న భార్యని గానీ భర్తని గానీ కాపురానికి రమ్మని కోర్టు డిక్రీ ఇవ్వొచ్చు. 1964 సవరణ తర్వాత ఆ డిక్రీ అమలుకాకపోతే ఇద్దరిలో ఎవరైనా విడాకులు కోరొచ్చు. మొదట్లో రెండేళ్లు ఆగాలి, 1976 నుంచి ఏడాది చాలు. వేరే ఊళ్లో పనిచేసే టీచరమ్మ రాజీనామా ఇవ్వనంటే ఈ దారి ఎక్కడ తేలుతుందో వేరే చెప్పాలా?

తీరథ్ కౌర్ కేసులో (1964) భార్య ఉద్యోగం వదలనంది, భర్తే వచ్చి వెళ్లొచ్చంది. పంజాబ్ హైకోర్టు ఒప్పుకోలేదు. కైలాశ్‌వతి కేసులో (1977) పంజాబ్, హర్యానా హైకోర్టు ఫుల్ బెంచ్ మరో అడుగు ముందుకేసింది. ఉద్యోగస్తురాలని తెలిసి పెళ్లాడినంత మాత్రాన ఆమె విడిగా ఉండటానికి భర్త ఒప్పుకున్నట్టు కాదట! ఆ ఇద్దరూ టీచర్లే. అయినా రాజీనామా ప్రశ్న ఆమెకే ఎదురైంది.

ఢిల్లీ హైకోర్టు దీనికి ఎదురు నిలిచింది. స్వరాజ్ గార్గ్ (1978) పంజాబ్‌లోని సునామ్‌లో ప్రధానోపాధ్యాయిని, భర్త కంటే మెరుగైన సంపాదన ఆమెది. కాపురం ఎక్కడ పెట్టాలో భర్తే నిర్ణయించాలనడానికి హిందూ చట్టంలో ఆధారం లేదనీ, అలా అనుకోవడం రాజ్యాంగం 14వ అధికరణకి విరుద్ధమనీ జస్టిస్ దేశ్‌పాండే తీర్పు చెప్పారు. ఆమె జీతాన్ని పక్కన పెట్టకుండా లెక్కలోకి తీసుకోవడమే నాకు ఆ తీర్పులో ముఖ్యంగా తోస్తుంది.

1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో, సినీనటి సరిత కేసులో, జస్టిస్ పి.ఎ. చౌదరి ఏకంగా 9వ సెక్షన్‌నే కొట్టేశారు. చట్టం ఇద్దరికీ ఒకటే అన్నట్టు కనిపించినా బరువంతా భార్య మీదే పడుతుందన్నారు. అక్కడి వాదన శరీరం గురించి, ఏకాంతం గురించి. జీతం గురించి కాదు. కానీ ఉన్న ఊరూ చేస్తున్న పనీ వదిలి రమ్మనే డిక్రీలో ఆ రెంటినీ విడదీయడం ఎలాగో నాకు తెలియదు. సరోజ్ రాణి కేసులో (1984) సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ని తిరిగి నిలబెట్టింది. 2019లో దాన్ని సవాలు చేస్తూ అక్కడే మరో పిటిషన్ పడింది.