షేక్‌లు, సయ్యద్‌లు, న్యాయస్థానం: ఆంధ్రప్రదేశ్ ముస్లిం రిజర్వేషన్ల వ్యాజ్యం

జగ్గయ్యపేటలోగాని నందిగామలోగాని ఒకే వీధిలో రెండు ముస్లిం కుటుంబాలను ఊహించుకోండి. ఇద్దరివీ కూలి బ్రతుకులే. ఇద్దరూ ఒకే మస్జిదులో నమాజు చేస్తారు. ఒకరి ఇంటిపేరు షేక్, మరొకరిది సయ్యద్. తహసీల్దారు కచేరీకి వెళితే మొదటివారి బిడ్డకు బి.సి.-ఇ ధ్రువపత్రం లభిస్తుంది, రెండవవారి బిడ్డకు లభించదు. ఈ గీత ఆ వీధిలో పుట్టినది కాదు. హైదరాబాదు, ఢిల్లీ న్యాయస్థానాల్లో జరిగిన వాదోపవాదాల ఫలితంగా ఏర్పడినది.

పౌరహక్కుల వ్యాజ్యమంటే వెనుకబడినవారు ప్రభుత్వంపై వేసే దావా అని సాధారణ భావన. ఇక్కడ పాత్రలు తారుమారైనాయి. రిజర్వేషన్ల వలన తమ సమానత్వ హక్కు భంగపడినదని ఇతరులు రాష్ట్ర ప్రభుత్వంపై దావా వేశారు. ముస్లిముల పక్షాన వాదించే భారం ప్రభుత్వంపై పడింది.

ఈ కథకు పూర్వరంగం మద్రాసు రాష్ట్రంలో ఉంది. కృష్ణా జిల్లా నాడు అందులో భాగమే. అక్కడి కమ్యూనల్ జి.ఓ. ప్రకారం కళాశాలల్లో ప్రతి 14 సీట్లలో ఒకటి ముస్లిములకు దక్కేది. చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు 1951 ఏప్రిల్ 9న ఆ పద్ధతిని కొట్టివేసింది. మూడు నెలలు గడవకముందే రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చి 15(4) అధికరణ చేరింది. అయితే అది తెరచిన ద్వారం మతాలకు కాదు, సాంఘికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతులకు. ఆ ద్వారం గుండానే 1970లో ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల జాబితాలోకి దూదేకులవారు, అనగా నూర్‌బాషాలు, ప్రవేశించారు. వృత్తి ఆధారంగా వచ్చారు గనుక వారి మతం అడ్డు కాలేదు. ఈ చిన్న ఉదాహరణలోని పాఠం ప్రభుత్వ పెద్దలకు చాలా ఆలస్యంగా బోధపడింది.

2004 జూలై 12న ప్రభుత్వం జి.ఓ. 33 ద్వారా ముస్లిములందరికీ 5 శాతం ప్రకటించింది. అప్పటికే షెడ్యూల్డు కులాలకు 15, తెగలకు 6, వెనుకబడిన తరగతులకు 25 కలిపి 46 శాతం అమలులో ఉంది. ఈ 5 చేరితే 51. ఇంద్రా సాహ్నీ కేసులో 1992లో సుప్రీంకోర్టు ఖరారు చేసిన 50 శాతం హద్దును చూస్తూ చూస్తూ దాటడమే అది! బి.సి. కమిషన్‌ను సంప్రదించకపోవడం మరో లోపం. సెప్టెంబరు 21న హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ముస్లిములు వెనుకబడిన తరగతి కానేరరని మాత్రం ఆ తీర్పు చెప్పలేదు. 2005లో కమిషన్ నివేదిక తీసుకొని, అదే 5 శాతానికి చట్టం చేశారు. నవంబరు 7న అదీ వీగిపోయింది.

మూడవసారి వ్యూహం మార్చారు. విశ్రాంత ఐ.ఎ.ఎస్. అధికారి పి.ఎస్. కృష్ణన్ సలహా మేరకు రూపొందిన 2007 నాటి 26వ చట్టం 'ముస్లిములు' అన్న ఒకే మాటను విడదీసింది. అత్తరు సాయెబులు, హజ్జాములు, ఫకీర్లు, ఖురేషీలు, ముస్లిం చాకళ్ళు, షేక్‌లు మొదలైన 14 వర్గాలను పేర్కొని, 'ఇతర ముస్లిం వర్గాలు' అని 15వ పద్దు చేర్చింది. సయ్యద్, మొగల్, పఠాన్ మున్నగు వర్గాలను మినహాయించింది. శాతం 5 నుండి 4కు తగ్గింది. 46, 4 కలిపితే సరిగ్గా 50.

న్యాయపరంగా ఇది తెలివైన ఎత్తుగడే, కాని దానికి చెల్లించిన మూల్యం తక్కువ కాదు. హుజురాత్ సూరా బోధించేది తెగలు పరస్పర పరిచయానికేనని, దైవభక్తియే గౌరవానికి కొలమానమని. అటువంటి సమాజం తనలో క్షురకుడిని, మాంసం అమ్మేవాడిని చిన్నచూపు చూస్తున్నారని కోర్టులో రుజువు కావాలని కోరుకోవలసి వచ్చింది. ముస్లిములను కులాలుగా చీలుస్తున్నారని కొందరు ముస్లిములే అభ్యంతరం చెప్పారు. ఆదర్శం దృష్ట్యా వారి బాధ అర్థం చేసుకోదగినదే. కాని ఉన్న వివక్షను దాచిపెట్టినంత మాత్రాన అది తొలగదు గదా! 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక కూడా ముస్లిములలోని అంతరాలను దాచలేదు.

2010 ఫిబ్రవరి 8న ఏడుగురు న్యాయమూర్తుల హైకోర్టు ధర్మాసనం 5-2 మెజారిటీతో ఈ చట్టాన్ని కూడా కొట్టివేసింది. సమాచార సేకరణ శాస్త్రీయంగా లేదన్నది వారి ప్రధానాక్షేపణలలో ఒకటి. ఆంత్రోపాలజికల్ సర్వే గ్రంథాలను ఆశ్రయించి, క్షేత్ర పరిశీలనను క్లుప్తంగా ముగించడం ప్రభుత్వపక్షాన్ని దెబ్బతీసింది. వ్యూహం మారినా శ్రమ మాత్రం పెరగలేదన్నమాట. మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో 14 వర్గాలకు 4 శాతాన్ని కొనసాగనిచ్చి, 15వ పద్దును మినహాయించి, విషయాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది. నందిగామ షేక్ బాలునికి దక్కే కళాశాల సీటు నిలిచింది ఆ మధ్యంతర ఉత్తర్వుపైనే.

ఇక పొరుగింటి సయ్యద్ బిడ్డ సంగతి. 2019 నాటి 103వ రాజ్యాంగ సవరణ, ఇతర రిజర్వేషన్ల పరిధిలోకి రాని పేదలకు 10 శాతం వరకు అవకాశం కల్పించింది. 2022 నవంబరు 7న సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో దానిని సమర్థించింది. 50 శాతం హద్దు ఈ కోటాకు వర్తించదని కూడా అన్నది. ఏ హద్దును ఒక్క శాతం దాటినందుకు 2004లో ముస్లిముల జి.ఓ. తప్పుబట్టబడిందో, ఆ హద్దు పక్కనుండే ఈ 10 శాతం సాగిపోయింది. ఆ కోటా కోసం సయ్యద్ కుటుంబం చూపవలసినది వంశమూ కాదు, వృత్తీ కాదు, ఆదాయపు ధ్రువపత్రం. అది ఇచ్చేదీ అదే తహసీల్దారు కచేరీ.