ఎఱ్ఱనేలలో ఎర్తు గుంట

కృష్ణానదికి ఉత్తరమున నల్లగొండ మొదలుకొని పాలమూరు, అనగా మహబూబునగరము, వఱకు పరచుకొన్న మెట్టసీమలో, పైన మూరెడు చల్కనేలయు, దాని క్రింద పొడిపొడిగా రాలు మొరమును, ఆ క్రింద గడ్డపాఱకు లొంగని గ్రానైటు శిలయు పొరలు పొరలుగా నున్నవని సేద్యగాడెఱుగును, బావులు త్రవ్విన వడ్డెరలెఱుగుదురు, చెఱువులు కట్టించిన పూర్వరాజులును ఎఱిగియే యుందురు; కాని ఆ నేల స్వభావము విద్యుత్తీగకును, ఆ తీగను సమీపించు మానవుని ప్రాణమునకును గూడ సంబంధించినదన్న విషయము ఈ సీమవారికి చాల ఆలస్యముగా, పలుచోట్ల దుఃఖానుభవము వలన, తెలియవచ్చినది. విద్యుద్భద్రతా పరీక్షల చరిత్ర యన్నంతనే యంత్రములు, చట్టములు, అధికారులు మనస్సునకు తోతురు. ఈ జిల్లాలలో మాత్రము ఆ చరిత్రకు నేలయే మూలము.

హైదరాబాదు సంస్థానములో విద్యుచ్ఛక్తి ముందుగా రాజధానీనగరమునకే పరిమితమైనది. హుసేన్‌సాగరము గట్టున 1920లో నెలకొల్పబడిన ఆవిరి విద్యుత్కేంద్రము నగరవీథులకు వెలుగునిచ్చుచుండగా, ఈ రెండు జిల్లాల పల్లెలు గ్యాసునూనె బుడ్లతోను కందీళ్లతోను రాత్రులు గడపుచుండెను. 1955 డిసెంబరు 10న నందికొండ కడ నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిన నాటికిని పల్లెల స్థితి పెద్దగా మారలేదు. 1959 ఏప్రిల్ 1న రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడి, 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ కేంద్రప్రభుత్వముచే స్థాపింపబడి, స్తంభములకును తీగలకును ఋణములు లభింపసాగిన పిమ్మటనే కరెంటు ఊరూరికి నడచినది. దేశములోని ఎన్నో ఆనకట్టలకు మట్టియు ఱాయియు మోసిన పాలమూరు కూలీల ఊళ్లకు ఆ వెలుగు ఆలస్యముగా చేరుట నన్ను ఎప్పుడును బాధించు విషయము. చేరిన తరువాతనైనను, కాలువనీరు లేని ఈ మెట్టలో, ఇంటి దీపముకంటె బావిమోటారు కొఱకే జనులు తీగను ఎక్కువ ఆతురతతో ఆహ్వానించిరి.

తీగ వచ్చుటకు ముందే శాసనము వచ్చియుండెను. 1910 నాటి భారత విద్యుచ్చట్టమును ఆధారము చేసికొని, ఆంధ్రప్రదేశము అవతరించిన 1956లోనే, భారత విద్యుత్ నియమావళి వెలువడినది. లైసెన్సు గల కంట్రాక్టరు మాత్రమే వైరింగు పని చేయవలయుననియు, ప్రతి కట్టడమును అయిదేండ్లకు మించని వ్యవధిలో తనిఖీ చేసి పరీక్షింపవలయుననియు, ప్రమాదము జరిగిన ఇరువదినాలుగు గంటలలో విద్యుత్ తనిఖీ అధికారికి తెలుపవలయుననియు, విద్యుత్తు వాడు ప్రతి కర్మాగారములో షాకు తగిలినవానిని బ్రతికించు విధానమును స్థానికభాషలో గూడ వ్రాసి అందఱికి కనబడుచోట గట్టవలయుననియు అందు విధింపబడినది. వీనిలో అఱువదియొకటవ నియమము నాకు మిక్కిలి ప్రీతికరమైనది. విద్యుత్తును సరఫరా చేయువారు తమ ఎర్తింగు నిరోధమును రెండేండ్లకు ఒకసారియైనను కొలువవలయుననియు, ఆ కొలత ఎండకాలమున, వానలేని పొడిదినముననే జరుగవలయుననియు, ఫలితమును వ్రాసియుంచి అధికారి అడిగినప్పుడు చూపవలయుననియు ఆ నియమము చెప్పినది. శ్రావణమాసమున తడిసిన నేలను కొలిచి తృప్తిచెందరాదు. వైశాఖమున నెఱ్ఱెలు వాఱిన నేలను కొలిచి భయపడుట మేలని తలచి వ్రాసినవారు నేల నెఱిగినవారు.

దీని తత్త్వమును ఇంచుక వివరించెదను. మోటారులోని చుట్టల పొర చెడి, తీగ ఇనుప పైతొడుగును తాకెననుకొందము. ఆ తొడుగు ఎర్తుతీగ ద్వారా భూమితో కలిసియుండి, భూమి నిరోధము పది ఓములే యైనచో, 230 వోల్టుల ఒత్తిడికి ఇంచుమించు ఇరువదిమూడు ఆంపియర్లు భూమిలోనికి ప్రవహించును, అయిదు ఆంపియర్ల ఫీజుతీగ వెంటనే కరగిపోవును, మోటారు ఆగును, మనుష్యుడు బ్రతుకును. అదే నిరోధము ఎండిన మొరములో రెండువందల ఓములకు పెరిగినచో ప్రవాహము ఒక ఆంపియరును కొంచెము మించును, అంతే. ఫీజు కరగదు. దీపములు వెలుగుచునే యుండును, నీరు పోయుచునే యుండును, ఆ ఇనుప తొడుగు మాత్రము నిండు వోల్టేజితో ఎవరో ఒకరి చేయి తగులుటకై కాచుకొనియుండును. ఎర్తుతీగ కన్నులకు కనబడుచునే యున్నది గనుక చూపుతో చేయు తనిఖీ దీనిని పట్టజాలదు. కొలత యొక్కటే పట్టగలదు. నల్లరేగడి తడినేలలో కొన్ని తప్పులను భూమియే క్షమించును. గ్రానైటు సీమలో ఆ క్షమ లేదు.

అందువలననే ఎర్తు గుంట త్రవ్వుట ఇచ్చట శ్రద్ధతో చేయవలసిన పని యైనది. ఎనిమిదడుగుల జస్తాపూత గొట్టమును నిలువుగా పాతి, చుట్టును బొగ్గు నొక వరుస, ఉప్పు నొక వరుస వేసి, గొట్టము మూతికి గరాటు అమర్చి, వేసవిలో అప్పుడప్పుడు నీరు పోయుట పాతకాలపు లైన్‌మన్‌లు నేర్పిన పద్ధతి. భారతీయ ప్రమాణముల సంస్థ ఎర్తింగును గూర్చి వెలువరించిన 3043వ సంఖ్యగల ప్రమాణమును ఇట్టి గుంటలనే వర్ణించినది. కాని నీరు పోయువారెవ్వరు? త్రాగునీటికే బిందెలతో బారులు తీరిన కఱవు సంవత్సరములలో గుంటలో నీరు పోయుమనుట విన్నవారికి వింతగా తోచియుండును. ఉప్పు వానకు కరగి కొట్టుకొనిపోయెను, గొట్టము త్రుప్పుపట్టెను, గుంటపై చెత్త పేరుకొనెను. బావులు ఎండి బోర్లు వందల అడుగుల లోతునకు దిగినకొలది మోటారులు పెరిగెను గాని గుంటలు పెరుగలేదు. 2004లో సేద్యమునకు ఉచిత విద్యుత్తు వచ్చిన తరువాతను చాలకాలము కరెంటు రాత్రివేళలనే ఎక్కువగా వచ్చుచుండుటచే, రైతు చీకటిలో, తడిమడిలో, వట్టికాళ్లతో నడచిపోయి ఎర్తు లేని స్టార్టరు డబ్బాను తాకవలసి వచ్చెడిది. 2018 జనవరి 1 మొదలు ఇరువదినాలుగు గంటల సరఫరా ఆరంభమగుటతో ఆ రాత్రి నడకలు తగ్గినవి. ఇండ్లలో దండెపుతీగ మఱియొక మృత్యుమార్గము: బట్టలారవేయుటకు కట్టిన ఇనుపతీగ ఒక కొన సర్వీసువైరును ఒరసికొని, కాలక్రమమున దాని పైపొర అరిగి, ఒకనాడు తడిబట్ట వేయు తల్లిని బలిగొనును. దండెమునకు తీగకు బదులు నులకత్రాడో నైలాను త్రాడో కట్టిన చాలును.

కొలుచు పరికరముల చరిత్ర సీమ వెలుపలిది. లండనులోని ఎవర్‌షెడ్, విగ్నోల్స్ అనువారి సంస్థ 1903లో నమోదు చేసిన మెగ్గరు అను పేరు నేటికిని మన వైర్‌మన్‌ల నోట నున్నది. చేతితో పిడి త్రిప్పగా అయిదువందల వోల్టులు పుట్టించి, తీగపై పొర ఎంత గట్టిదో మెగా ఓములలో చూపు ఆ పెట్టె సంచిలో లేని వైర్‌మన్ సగము పనివాడే. ఇంగ్లండులో కర్మాగారముల విద్యుద్భద్రతకై 1908లోనే ప్రత్యేక నిబంధనలు పుట్టినవి. 1989 నాటి నిబంధనల తరువాత బడులలోను కచేరీలలోను నీళ్లు కాచు కెటిల్ మొదలుకొని కంప్యూటరు వఱకు చేతికందు ప్రతి పరికరమును పరీక్షించి, దానిపై తేదీ గల చీటి అంటించు ఆచారము స్థిరపడినది. ఆ నిబంధనలు చీటిని గాని, ఏటేట పరీక్షను గాని పేర్కొనలేదు. పరికరమును అపాయరహితముగా నుంచుట యజమాని బాధ్యత యని మాత్రము చెప్పినవి. బాధ్యత స్పష్టమైనచోట ఆచారము తనంత తానే పుట్టెను.

మన పనిచోట్ల సంగతి చూచినచో, నాగార్జునసాగరము ఎడమకాలువ నీటితో పెరిగిన మిర్యాలగూడ బియ్యపు మిల్లులు ముందుగా స్మరణకు వచ్చును. వడ్లు ఉడికించు ఆవిరి, తడినేల, ఊకధూళి, పెద్ద మోటారులు ఒక్క కప్పు క్రిందనే చేరు అట్టి చోట తీగల పైపొర త్వరగా చెడును. కనుక మెగ్గరు పరీక్ష అచ్చట ప్రాణావసరము. అయినను మిల్లు కర్మాగార శాసనముల పరిధిలోనిది, అడుగు నాథుడు కలడు. పూర్వపు నల్లగొండ జిల్లాలోనే ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశము, చీరకు వేలసార్లు చేయి చాచి నూలును మేకులకు చుట్టుచు ఆసు పోయుటచే తల్లి పడిన బాధ చూడలేక, 1999లో విద్యుత్తుతో నడచు ఆసుయంత్రమును సిద్ధపఱచి, తరువాత 2017లో పద్మశ్రీ పొందిన సంగతి లోకవిదితము. ఆ యంత్రము ఎందఱో చేనేత స్త్రీల భుజములకు విశ్రాంతి నిచ్చినది. దానితోపాటు నేతకాని ఇల్లు మోటారుతో నడచు కార్యస్థానమైనది. 1948 నాటి కర్మాగార చట్టమో, విద్యుత్తు వాడుచోట పదిమంది పనివారైన నుండినగాని వర్తించెడిది కాదు. ఇద్దఱు ముగ్గురు పనిచేయు ఇంటిని అది తాకలేదు. షాకు చికిత్సను తెలుపు పటము సయితము ఆ గోడకు చేరలేదు. నా దృష్టిలో అట్టి ఇండ్లకు మూడు పుల్లల ప్లగ్గును, సరియైన ఎర్తును సహకార సంఘములే సమకూర్చుట యుక్తము.

శిక్షణయు సామగ్రియు గల మహాసంస్థలనైనను ఆపద విడువదని 2020 ఆగస్టు 20 రాత్రి తెలిసినది. పూర్వపు మహబూబునగరము జిల్లాలో, నల్లమల అడవులలో, నూటయేబది మెగావాట్ల యంత్రములు ఆఱు గల శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ విద్యుత్కేంద్రమున మంటలు చెలరేగి, సొరంగము పొగతో నిండి, తొమ్మండుగురు మరణించిరి. వారిలో ఇంజినీర్లుండిరి, బ్యాటరీల పనిమీద వచ్చిన ఇద్దఱుండిరి. మంటల నార్పి కేంద్రమును కాపాడుటకు ప్రయత్నించుచు వెలుపలికి రాలేకపోయిన వారి కర్తవ్యనిష్ఠ చిరస్మరణీయము. పెద్ద కేంద్రములలో ఆపత్కాలమున రక్షణయంత్రాంగమును కదలించునది ఆ బ్యాటరీల శక్తియే; నెలల తరబడి పనిలేక నిలిచియుండు పరికరము అవసరపు క్షణమున పనిచేయునో లేదో ముందుగా పరీక్షించినగాని తెలియదు. బడిలోని ఎర్తు గుంటకును ఈ ధర్మమే వర్తించును.

బడుల ప్రసంగమున వనపర్తిని తలపక తప్పదు. ఒకప్పుడు సంస్థానాధీశుల నివాసమైన రాజప్రాసాదము 1959లో పాలిటెక్నిక్కుగా మాఱి, పల్లెబిడ్డలకు యంత్రవిద్యను, విద్యుద్విద్యను నేర్పినది. ఆ వనపర్తిలోనే 2022 మార్చి 8న 'మన ఊరు - మన బడి' కార్యక్రమము ఆరంభింపబడినది. మూడేండ్లలో 26,065 పాఠశాలలను బాగుచేయ సంకల్పించిన ఆ పథకములోని పండ్రెండు పనులలో విద్యుదీకరణమొకటి. ఒక బుగ్గయు, గంట కొట్టుటకు ఇనుపముక్కయు మాత్రమే యుండిన బడిలోనికి ఫంకాలు, కంప్యూటర్లు, బోరుమోటారు, ఫ్లోరైడు బాధగల నల్లగొండ ఊళ్లలో నీటిని శుద్ధిచేయు యంత్రములు వచ్చి చేరినవి. చెప్పులు విడిచిన కాళ్లతో, మధ్యాహ్నభోజనానంతరము తడిచేతులతో, పిల్లలు పదేపదే తాకు ఇనుపవస్తువు ఆ నీటియంత్రమే. ముప్పది మిల్లీ ఆంపియర్ల లీకునకే కరెంటును తెంచు చిన్న బ్రేకరు అచ్చట నుండినచో, రెండువందల ఓముల పొడినేలలో సయితము అది పనిచేయును; ఫీజు చేయలేని రక్షణ నది చేయును. దానిమీది మీటను నెలకొకమాఱు నొక్కి చూచుటయే దాని పరీక్ష.

ఎర్తు కొలతకు బడిసెలవులే అనుకూలించుచున్నవి. ఏప్రిలు కడపట మూతపడి జూనులో తొలకరి వేళకు తెఱచుకొను పాఠశాల, సరిగా ఆ పొడిదినములలోనే పిల్లలు లేక ఖాళీగా నుండును. ఎర్తు టెస్టరు గల వైర్‌మన్ ఒకడు మేనెలలో మండలమంతయు తిరిగి, రెండు కడ్డీలు నేలలో నాటి, ప్రతి గుంటను కొలుచుటకు ఆటంకమేమియు కనబడదు. 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ చేసిన నిబంధనలును తనిఖీకి అయిదేండ్ల గడువునే నిలిపినవి. బోరు ఎండి నీరు అడుగంటు సీమకు అది దీర్ఘకాలము. సబ్‌స్టేషనులలో ప్రతి గుంట ప్రక్కను దాని సంఖ్యయు, ఓములలో నిరోధమును, కొలిచిన తేదీయు రంగుతో వ్రాయు వాడుక కలదు. బడిగోడమీదను అట్లే వ్రాసినచో, ఓము సూత్రమును పదవతరగతిలో చదువుకొన్న పిల్లలు ఆ సంఖ్యను తామే చదివి, నిరుటికంటె పెరిగినదో తగ్గినదో పంతులుగారిని అడుగగలరు.