ఆడి ఆర్10 టీడీఐ

ఆడి ఆర్10 టీడీఐ అనేది లె మాన్ 24 గంటల పందెం కోసం జర్మనీకి చెందిన ఆడి సంస్థ తయారుచేసిన డీజిల్ రేసు కారు. 2005 డిసెంబరులో పారిస్‌లో దీన్ని తొలిసారి జనానికి చూపించారు. 2006 నుంచి 2008 దాకా వరుసగా మూడేళ్లు ఆ పందెం గెలిచింది. డీజిల్ కారు లె మాన్ గెలవడం 2006లోనే మొదలు. కంప్యూటర్ మీదా టీవీ తెరల మీదా రేసులాడే కుర్రకారుకు ఈ కారును ‘రేస్ డ్రైవర్: గ్రిడ్’ (2008), ‘గ్రాన్ టురిస్మో 5’ (2010) అనే వీడియో గేములు పరిచయం చేశాయి. తెలుగువాళ్లకు దీనితో ఇంకో బంధుత్వం ఉంది. 2009లో లె మాన్‌కు వచ్చిన ఒక ఆర్10 డ్రైవర్ల జాబితాలో కోయంబత్తూరు నాయుళ్లబ్బాయి నరైన్ కార్తికేయన్ పేరుంది.

ఉత్తరాంధ్రలో డీజిల్ అంటే బరువులు లాగే ఇంధనం. టెక్కలి క్వారీల నుంచి గ్రానైట్ దిమ్మలతో దిగే లారీలు, వేటకెళ్లే మరపడవలు, చేలకు నీళ్లు తోడే ఆయిలింజన్లు, ఆర్టీసీ బస్సులు అన్నీ దానిమీదే బతుకుతాయి. వేగానికి పెట్రోలు, మోతకు డీజిలు అన్న లెక్క ఇక్కడే కాదు, ఐరోపా రేసు ట్రాకుల మీద కూడా చాలాకాలం చెల్లింది. 1949లో దెలెత్రె అనే ఫ్రెంచి అన్నదమ్ములు డీజిల్ కారుతో లె మాన్‌కు వచ్చారు గాని పందెం చివరిదాకా నిలవలేకపోయారు. ఆ తర్వాత అర శతాబ్దం పాటు పెద్ద కంపెనీలేవీ అటువైపు గట్టిగా చూడలేదు.

ఆడికి మాత్రం చూడక తప్పని అవసరం ఉంది. 1989లో ఆడి 100 కారులో టీడీఐ అనే డీజిల్ ఇంజను పెట్టినప్పటి నుంచి ఐరోపాలో ఆ సంస్థ అమ్మకాలకు డీజిలే పెద్ద అండ. ఆడి పెట్రోలు కారు ఆర్8 అప్పటికే లె మాన్‌ను ఐదుసార్లు గెలిచింది. ఆరోసారీ పెట్రోలుతోనే గెలిస్తే వార్త కాదు, డీజిల్‌తో గెలిస్తే వార్త.

ఇంజను 5.5 లీటర్లది. పన్నెండు సిలిండర్లు, రెండు టర్బోలు, అల్యూమినియం బ్లాకు. శక్తి 650 హార్స్‌పవర్‌కు పైనే, టార్క్ 1,100 న్యూటన్ మీటర్లు దాటుతుంది. ఒకప్పటి అశోక్ లేలాండ్ బస్సుల్లోని ఆరు సిలిండర్ల ఇంజను పరిమాణమూ ఇంచుమించు ఇంతే, శక్తి మాత్రం ఇందులో నాలుగో వంతు దరిదాపుల్లో ఉండేది. ఆర్10 ఇంజను సత్తా అంతా నిమిషానికి 3,000 నుంచి 5,000 చుట్ల మధ్యే బయటపడుతుంది. పెట్రోలు రేసు ఇంజన్లలా చెవులు చిల్లులు పడేలా అరవదు. పొగగొట్టాల్లో మసి వడపోసే ఫిల్టర్లు ఉండడంతో నల్లపొగ కూడా కనిపించేది కాదు. కారు ముందునుంచి దూసుకుపోతుంటే ప్రేక్షకులకు ఇంజను మోత కన్నా గాలి చప్పుడు, టైర్ల చప్పుడే ఎక్కువ వినిపించేవి.

చిక్కులూ లేకపోలేదు. డీజిల్ ఇంజను బరువెక్కువ కాబట్టి కారు పొడవు పెంచాల్సి వచ్చింది. అంత టార్క్‌ను తట్టుకునేలా గేర్‌బాక్సును ఐదు గేర్లతో దిట్టంగా కట్టారు. అయినా ఆర్10కు కలిసొచ్చింది పొదుపు. లీటరుకు ఎక్కువ దూరం పోతే ఇంధనం కోసం పిట్‌లో ఆగే సార్లు తగ్గుతాయి. 24 గంటల పందెంలో ఆగకపోవడం కూడా వేగం కిందే లెక్క.

2006 మార్చిలో అమెరికాలోని సీబ్రింగ్ 12 గంటల పందెం ఆర్10కు తొలి పరీక్ష. దిగిన మొదటిసారే గెలిచింది. అదే ఏడాది జూన్‌లో లె మాన్‌లో ఫ్రాంక్ బీలా, ఇమాన్యుయేల్ పిరో, మార్కో వెర్నర్ 380 ల్యాపులు, అంటే 5,187 కిలోమీటర్లు తిప్పి నెగ్గారు. 2007లోనూ ఆ ముగ్గురే. డీజిల్ మరీ మేలు పొందుతోందని ఆ ఏడాది నిర్వాహకులు డీజిల్ కార్ల ట్యాంకును 90 లీటర్ల నుంచి 81కి కుదించారు. అప్పుడే ఫ్రెంచి కంపెనీ ప్యూజో కూడా 908 పేరుతో తన డీజిల్ కారును బరిలోకి దించింది.

2008 పందెమే వీటిలో రసవత్తరం. అర్హత పోటీలో ప్యూజో కారు ల్యాపుకు దాదాపు 5 సెకన్లు ముందుంది. ఎండ కాస్తే ఆడి ఓటమి ఖాయమనే అనుకున్నారంతా. రాత్రి వాన అందుకుంది. తడి ట్రాకు మీద టామ్ క్రిస్టెన్సన్, రినాల్డో కాపెల్లో, అలన్ మెక్‌నిష్ నడిపిన ఆర్10 నిలకడగా సాగి నాలుగున్నర నిమిషాల తేడాతో గట్టెక్కింది.

ఆ ఏడాదే ఇంగ్లండుకు చెందిన కోడ్‌మాస్టర్స్ సంస్థ ‘గ్రిడ్’ను విడుదల చేసింది. అందులో ప్రతి సీజన్ చివర్లోనూ లె మాన్ పందెం వస్తుంది. 24 గంటలనూ కొద్ది నిమిషాల్లోకి కుదించి, ఆ కాస్తలోనే పొద్దు గుంకించి మళ్లీ పొడిపిస్తారు. పీసీలో కీబోర్డు బాణాలతోనే ఆడొచ్చు కాబట్టి స్టీరింగు, ప్లేస్టేషన్ లేని హాస్టల్ కుర్రాడికీ ఆర్10 అందుబాటులోకి వచ్చింది. అయితే ఈ కారు విషయంలో ‘గ్రిడ్’ చిన్న అన్యాయం చేసిందనే చెప్పాలి. నిమిషాల్లో తేలిపోయే పందెంలో ట్యాంకు ఖాళీ అయ్యేదెప్పుడు? పొదుపుకు విలువే లేని చోట ఆర్10 మరో వేగమైన కారు మాత్రమే.

జపాన్‌కు చెందిన పాలిఫొనీ డిజిటల్ తయారుచేసిన ‘గ్రాన్ టురిస్మో 5’ ఇందుకు పూర్తి విరుద్ధం. దానిలో 24 గంటల పందెమంటే గడియారం ప్రకారం అచ్చంగా 24 గంటలే. ఇంజనును పరుగులు తీయించకుండా ముందే గేరు మార్చాలని, పిట్‌కు ఎప్పుడు రావాలో లెక్క వేసుకోవాలని ఆటగాడికి చేతులతో తెలిసొస్తుంది. మొదట్లో ఆటను మధ్యలో సేవ్ చేసుకునే వీలు లేదు. పిట్‌లో ఉండగా సేవ్ చేసే సదుపాయం తర్వాతి అప్‌డేట్‌లో వచ్చింది. రోజూ గంటల తరబడి కరెంటు తీసేసే ఆ రోజుల్లో శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఆ సదుపాయం లేకుండా పందెం పూర్తిచేయాలంటే ఇంట్లో మంచి ఇన్వర్టరైనా ఉండాలి, అమ్మ సహకారమైనా ఉండాలి.

ఇక నరైన్ సంగతి. కోయంబత్తూరు మిల్లుల చరిత్రలో తెలుగు మూలాలున్న నాయుడు కుటుంబాలది పెద్ద పాత్ర. జి. కుప్పుస్వామి నాయుడు 1910లో స్థాపించిన లక్ష్మీ మిల్స్ కుటుంబం నుంచే సుందరం కరివర్ధన్ వచ్చారు. రేసు కారు నడపడమే కాదు, తన చేతులతో కట్టడం కూడా తెలిసిన మనిషి. మారుతి భాగాలతో ఆయన రూపొందించిన ఫార్ములా మారుతి కారు భారతదేశంలో మామూలు కుర్రాళ్లకు కూడా రేసింగ్‌లో అడుగుపెట్టే దారి చూపింది. ఆ తరం పోటీపడింది మద్రాసు శివార్లలోని షోళవరం పాత విమానాల రన్‌వే మీద. ఇచ్ఛాపురం, శ్రీకాకుళం, భోగాపురం దాటి దక్షిణానికి సాగే జాతీయ రహదారే మద్రాసు చేరబోయే ముందు షోళవరం మీదుగా పోతుంది. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో మరణించారు. కోయంబత్తూరు దగ్గరి కారీ మోటార్ స్పీడ్‌వేకు ఆయన పేరే పెట్టారు.

కరివర్ధన్ బంధువర్గంలో పుట్టినవాడే నరైన్. తండ్రి జి.ఆర్. కార్తికేయన్ కూడా ర్యాలీల్లో పేరు మోసిన డ్రైవరే. 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో దిగి నరైన్ ఆ పోటీలో తొలి భారతీయుడయ్యాడు. అప్పుడు ఆ జట్టు బాధ్యతలు చూసిన కాలిన్ కోలెస్ వృత్తిరీత్యా దంతవైద్యుడు. 2009లో ఆడి కొత్త ఆర్15కు మారిపోగానే, పాత ఆర్10లు రెండింటిని కోలెస్ జట్టే లె మాన్‌కు తెచ్చింది. 14వ నంబరు కారులో నరైన్‌కు తోడు చార్లెస్ జ్వోల్స్‌మన్, ఆంద్రె లోటరర్.

జూన్ 13. పందెం మొదలవబోతోంది. పిట్ గోడ మీంచి ట్రాకు వైపు దూకబోయిన నరైన్ కాలు తడబడి కింద పడ్డాడు. భుజం జారింది. ఆ చేత్తో స్టీరింగు పట్టడం కుదిరే పని కాదు. ముగ్గురు పంచుకోవలసిన 24 గంటలు ఇద్దరి మీద పడ్డాయి. లె మాన్‌లో ఏ ఒక్క డ్రైవరూ మొత్తం మీద 14 గంటలకు మించి నడపకూడదన్న నియమం ఉంది. దాన్ని మీరకుండా లోటరర్, జ్వోల్స్‌మన్ చెరి సగం అన్నట్టు లాక్కొచ్చి కారును 7వ స్థానంలో నిలిపారు. కంపెనీ వదిలేసిన పాత కారుతో, ఇద్దరే నడిపి సాధించిన ఆ ఫలితం లోటరర్‌కు తలుపులు తెరిచింది. మరుసటి ఏడాదే ఆడి అతన్ని తన సొంత జట్టులోకి తీసుకుంది. 2011, 2012, 2014ల్లో అతను లె మాన్ విజేత.

నరైన్ ఆ రోజు నడపలేకపోవడంతో, లె మాన్‌లో పోటీపడిన తొలి భారతీయుడన్న పేరు 2012లో చెన్నైకి చెందిన కరుణ్ చందోక్‌కు దక్కింది. జేఆర్ఎం జట్టు కారులో అతను 6వ స్థానంలో నిలిచాడు. ఆర్10 కథ అప్పటికే ముగిసింది. 2010లో కోలెస్ జట్టు తెచ్చిన రెండు కార్లూ మధ్యలోనే ఆగిపోయాయి. 2011 నుంచి కొత్త డీజిల్ ఇంజన్ల పరిమాణం 3.7 లీటర్లు మించకూడదన్న నిబంధన రావడంతో 5.5 లీటర్ల ఇంజను పాతబడిపోయింది. నరైన్ మాత్రం ఎండ్యూరెన్స్ రేసులను వదల్లేదు. 2021లో రేసింగ్ టీమ్ ఇండియా పేరుతో అర్జున్ మైనీ, నవీన్ రావులతో కలిసి దుబాయ్, అబుదాబిల్లో జరిగిన ఆసియన్ లె మాన్ సిరీస్‌లో పోటీపడ్డాడు.