క్రైస్తవ విశ్వాసం, విజ్ఞాన శాస్త్రం: తెలుగునాట చరిత్ర

ఇది ప్రకృతిని పరిశీలించి తెలుసుకున్న సంగతులను బైబిలు బోధతో కలిపి అర్థం చేసుకునే ఆలోచనా సంప్రదాయం. ఐరోపాలో దీని చరిత్ర నిండా వాదప్రతివాదాలే. తెలుగు ప్రాంతంలో మొదటి రెండు వందల ఏళ్లు ఇది పంచాంగాలు, అద్దకాలు, మొక్కలు, ఆనకట్టలు, ఆసుపత్రుల వెంట నడిచింది. సృష్టా, పరిణామమా అన్న చర్చ ఇక్కడికి ఆలస్యంగా వచ్చింది. హైదరాబాదు తూర్పు భాగాన దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ వంటి విద్యార్థుల పేటల్లో ఈనాడు ఆ ప్రశ్న గట్టిగా వినబడుతోంది.

క్రైస్తవం తెలుగునేల మీద అంతకుముందే అడుగుపెట్టినా, ఈ అంశంలో చెప్పుకోదగ్గ పని 18వ శతాబ్దంలో ఫ్రెంచ్ జెసూట్‌లు నడిపిన కర్ణాటక మిషన్‌తో మొదలైంది. ఆ గురువుల్లో అగ్రగణ్యుడు గాస్టన్ లారెంట్ కెర్దూ. తెలుగు, సంస్కృతం నేర్చి నిఘంటువు కూర్చాడు. సంస్కృతానికీ గ్రీకు, లాటిన్ భాషలకూ చుట్టరికం ఉందని 1767లోనే పారిస్ పండితులకు రాశాడు. ఆయన 1742 నాటి లేఖ బట్టల అద్దకం గురించినది. ఆ వృత్తిలో ఉండి క్రైస్తవులైనవారిని అడిగి, ఒక్కో మెట్టూ రాసి పంపాడు. ముందు బట్టను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి ఎండబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు గీత దాటి పాకదు, కరక్కాయలోని టానిన్ రంగును పట్టి నిలుపుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక రాసి, చిరివేరుతో ఉడికిస్తారు. నీలిమందులో ముంచేటప్పుడు నీలం అంటకూడని చోట్ల మైనం పూస్తారు. కరక్కాయ, పాలు శ్రీకాళహస్తి కలంకారీ పనివారు నేటికీ వాడుతున్నవే. పనివాడి నోట విన్నది విన్నట్టు రాసిన ఈ లేఖ రసాయన విజ్ఞాన చరిత్రలో విలువైన పత్రం.

అదే మిషన్‌కు చెందిన దుషాం 1750 ప్రాంతంలో కృష్ణపురం నుంచి సిద్ధాంతుల గణిత పట్టికలను ఫ్రాన్సుకు పంపాడు. వాటి ఆరంభ దినం 1491 మార్చి 10. నర్సాపూర్ పట్టికలన్న పేరుతో మరొకటి జెసూట్ గురువు పతూయే ద్వారా చేరింది, దాని ఆరంభం 1569. గ్రహణాలు కట్టడానికి పంచాంగకర్తలు వాడే లెక్కలివి. ఫ్రెంచ్ ఖగోళవేత్త జాన్ సిల్వేన్ బాయీ వీటిని మరి రెండు పట్టికలతో కలిపి పరిశీలించి 1787లో భారతీయ జ్యోతిశ్శాస్త్రంపై గ్రంథం ప్రకటించాడు. కలియుగారంభమైన క్రీ.పూ. 3102లో మన పూర్వులు ఆకాశాన్ని కళ్లారా చూసే ఆ లెక్క కట్టారని ఆయన నమ్మకం. రెండేళ్లకు ఎడింబరోలో గణితవేత్త జాన్ ప్లేఫేర్ ఆయనను సమర్థించాడు. చిక్కు ఇక్కడే వచ్చింది. ఆర్చిబిషప్ ఉషర్ 1650లో వేసిన లెక్క ప్రకారం సృష్టి క్రీ.పూ. 4004లో జరిగింది, నోవహు జలప్రళయం 2348లో వచ్చింది. బాయీ మాట నిజమైతే ఆకాశ పరిశీలన ప్రళయం కన్నా ఏడు వందల యాభై ఏళ్ల ముందే జరిగి ఉండాలి. 1796లో లాప్లాస్ ఆ ఆరంభం తర్వాతి కాలంలో వెనక్కి లెక్కకట్టి పెట్టినదేనని తేల్చాడు. చరిత్రకారుల అభిప్రాయమూ నేడు అదే. అలాగని ఉషర్ లెక్క నిలవలేదు, ఆ దశాబ్దాల్లోనే భూగర్భ శాస్త్రం దాన్ని దాటిపోయింది.

తీరానికి కింది వైపు, తరంగంబాడి డేనిష్ మిషన్‌కు వైద్యుడిగా 1768లో యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ వచ్చాడు. ఆయన వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ శిష్యుడు. సృష్టిలోని క్రమాన్ని చదవడం సృష్టికర్తను స్తుతించడమేనన్నది ఆ గురువు అభిప్రాయం. మన కరివేపాకు శాస్త్రీయ నామంలో ఉన్న ‘కోనిగీ’ ఈ వైద్యుడి పేరే. 1785లో ఆయన కాకినాడ జగన్నాథపురంలో విరేచనాల జబ్బుతో కన్నుమూశాడు. అవసానంలో వైద్యం చేసిన విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో తోట పెంచుతూ ఆయన పనిని కొనసాగించాడు. 300 చిత్రఫలకాలతో మూడు సంపుటాలుగా వెలువడిన ఆయన ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ (1795–1820) నిండా తెలుగు పేర్లే. జ్వరానికి సింకోనా బదులు సోమిద చెట్టు బెరడు పనికొస్తుందేమోనని చేసిన ప్రయోగాలను ఆయన 1793లో లండన్‌లో అచ్చు వేయించాడు.

19వ శతాబ్దంలో మిషన్ బడులు, ఆసుపత్రులు వెలిశాయి. 1843లో రాబర్ట్ నోబుల్ మచిలీపట్నంలో పాఠశాల తెరిచాడు. 1883లో గుంటూరు చేరిన లూథరన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ స్త్రీలకు ఆసుపత్రి కట్టించింది.

ఆ శతాబ్దంలో అందరికన్నా పెద్ద పేరు ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్‌ది. నిష్ఠ గల ఆంగ్లికన్ క్రైస్తవుడు. కరువులో జనం చావడం, పక్కనే గోదావరి సముద్రం పాలవడం ఆయన మనస్సాక్షి భరించలేకపోయింది. గోదావరి అడుగున రాతి పునాది అందదు. వదులు ఇసుక మీద ఆనకట్ట నిలిపే కిటుకును కావేరి మీది పాత కల్లణై ఆనకట్టను చూసి నేర్చుకున్నానని, ఆ ఘనత దేశీయులదేనని ఆయన నిజాయితీగా రాశాడు. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852కు పూర్తయింది.

ఈ ఇంటి నుంచే మరో కథ పుట్టింది. కాటన్ కుమార్తె ఎలిజబెత్, అంటే లేడీ హోప్, సువార్త పనిలో పేరున్న మనిషి. 1881లో తాను డార్విన్‌ను చూశానని, మంచంలో ఉన్న ఆయన బైబిలు చదువుతూ, పడుచుతనంలో తాను బయటపెట్టిన ఆలోచనల గురించి బాధపడ్డాడని ఆమె చెప్పినట్టు 1915లో బోస్టన్ పత్రిక ఒకటి ప్రచురించింది. 1922లో డార్విన్ కూతురు హెన్రియెట్టా దాన్ని ఖండించింది. తండ్రి చివరి ఘడియల్లో తాను దగ్గరే ఉన్నానని, లేడీ హోప్ ఏ జబ్బు సమయంలోనూ రాలేదని, ఆయన తన శాస్త్రీయ అభిప్రాయాల్లో వేటినీ వదులుకోలేదని స్పష్టం చేసింది. డార్విన్ చివరికి మారాడన్న మాట ప్రసంగాల్లో వినబడితే దాని మూలం ఇదే. విశ్వాసానికి అబద్ధపు సాక్ష్యం అక్కర్లేదు కనుక ఈ సంగతి బోధకులు తెలుసుకోవలసినది.

హైదరాబాదు రాజ్యంలో 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో బ్రిటిష్ సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలు కుట్టనిచ్చి, కుట్టిన ఒక్కో దోమకు అతనికి అణా చొప్పున ఇచ్చి, వాటిని కోసి చూశాడు. రాస్ మిషనరీ కాడు. అయినా ఆనందంలో రాసుకున్న పద్యంలో ఈ రహస్యం తన చేతిలో పెట్టినది దేవుడేనని చెప్పుకున్నాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పనిచేసిన బేగంపేట భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలోకి వచ్చింది.

మెథడిస్టు వైద్యురాలు ఇసబెల్ కెర్ 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠు ఆసుపత్రి నెలకొల్పింది. అక్కడ పనిచేసిన జాన్ లో తర్వాత నైజీరియాలో కుష్ఠుకు డాప్సోన్ మాత్రల వైద్యం పనిచేస్తుందని నిరూపించాడు. అదే 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం మొదలైంది. భారతదేశంలో బి.సి.జి. టీకా తొలిగా వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి, అది 1948లో. 1950–55 మధ్య చుట్టుపక్కల పల్లెల్లో యోహానెస్ ఫ్రిమోడ్ మోలర్ ఇంటింటికీ జరిపిన క్షయ అధ్యయనం ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడింది.

పరిణామవాదం మీద విశ్వాసుల చర్చ స్వాతంత్ర్యానంతరం కాలేజీల్లో రాజుకుంది. 1954లో ఏర్పడిన భారత సువార్తిక విద్యార్థుల సమాఖ్య (యు.ఇ.ఎస్.ఐ.) దీనికి వేదికయింది. దాని నాయకుల్లో ఒకరైన మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల జంతుశాస్త్ర ఆచార్యుడు హెచ్. ఇనాక్ 1960ల్లో సృష్టివాదాన్ని సమర్థిస్తూ పుస్తకం రాశారు. కెనడాలో వ్యవసాయ ఇంజనీరింగ్ చదివిన సువార్త బోధకుడు భక్త్ సింగ్ హైదరాబాదులోని హెబ్రోను మందిరం కేంద్రంగా బోధించారు, అయితే ఆయన శాస్త్రచర్చ పెట్టుకోలేదు.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్.బి. నగర్ దాకా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు వరుసగా ఉంటాయి. జిల్లాల నుంచి వచ్చిన బైపీసీ విద్యార్థి ఇంటర్ రెండో ఏడు జంతుశాస్త్రంలో జీవపరిణామం చదువుతాడు, ఆదివారం ఆదికాండం వింటాడు. అతనికి దొరికే జవాబులు మూడు రకాలు: ఆరు రోజులంటే ఆరు రోజులేనన్నది ఒకటి, ఆ రోజులు సుదీర్ఘ యుగాలన్నది రెండోది, పరిణామం కూడా దేవుడు సృష్టించే తీరేనన్నది మూడోది. కథోలిక సభ విషయానికొస్తే, 1950లో పన్నెండవ పయస్ పోపు మానవ శరీరం విషయంలో పరిణామంపై పరిశోధనను నిషేధించలేదు, ఆత్మ మాత్రం నేరుగా దేవుని సృష్టి అన్నారు. 1996లో రెండవ జాన్ పాల్ అది వట్టి ఊహ స్థాయిని దాటిందని ఒప్పుకున్నారు. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో సమీకరణాలతో చూపిన జార్జ్ లెమైత్ర్ బెల్జియంకు చెందిన కథోలిక గురువు. తన సిద్ధాంతాన్ని ఆదికాండానికి రుజువుగా వాడవద్దని ఆయనే కోరారు.